మహిళల ఉపాధి: పెరిగింది పనా, సంపాదనా?

క్లుప్తంగా: పదిహేనేళ్లు దాటిన భారతీయ మహిళల్లో శ్రామిక భాగస్వామ్యం, అంటే పని చేస్తున్న లేదా పని కోసం చూస్తున్నవారి వాటా, 2017-18లో 23.3 శాతం. 2023-24 నాటికి అది 41.7 శాతమైంది. ఈ పెరుగుదలలో అధిక భాగం సొంత సేద్యం, పాడి, ఇంటి వ్యాపారాల్లో వచ్చింది. శ్రామిక మహిళల్లో నెల జీతం అందుకునేవారి వాటా మాత్రం ఇదే కాలంలో తగ్గింది. సమానత్వం కోసం చేసిన చట్టం, పథకం ఆర్థిక వృద్ధిగా మారాలంటే మహిళల పనికి బయట గిరాకీ ఉండాలి, ఆ చట్టం ఖర్చు ఒక్క యజమాని నెత్తిన పడకూడదు, ప్రతిఫలం పనిచేసిన మనిషి చేతికే అందాలి. బంగ్లాదేశ్, వియత్నాం, తెలుగు రాష్ట్రాల అనుభవాలు ఈ దిశగానే సాగుతున్నాయి.

ఒకే దేశం, రెండు అంకెలు

మహిళల ఉపాధి గురించి మాట మొదలుపెడితే ఒకరు 41.7 శాతం అంటారు, మరొకరు 34 శాతం అంటారు. రెండూ కేంద్ర గణాంక శాఖ ఇచ్చినవే, రెండూ పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే నుంచి వచ్చినవే. తేడా అంతా కొలిచే తీరులో ఉంది.

మొదటిది ‘సాధారణ స్థితి’ లెక్క. గడిచిన 365 రోజుల్లో ఎక్కువ కాలం ఏం చేశారన్నది ఇందులో చూస్తారు. ఎక్కువ కాలం ఇంటిపనిలోనే ఉన్నా, కనీసం 30 రోజులు ఏదైనా ఆర్థిక కార్యకలాపంలో ఉంటే శ్రామికురాలిగానే రాసుకుంటారు. పత్తితీతకు నెల రోజులు వెళ్లి, మిగతా ఏడాదంతా ఇంటిపట్టున ఉన్న మహిళ కూడా ఈ లెక్కలోకి వస్తుంది. రెండోది ‘వార స్థితి’ లెక్క. సర్వేకు ముందు ఏడు రోజుల్లో ఒక్క గంటైనా పని చేశారా, పని కోసం చూశారా, దొరికితే చేయడానికి సిద్ధంగా ఉన్నారా అని అడుగుతారు. పత్తి లేని రోజుల్లో అడిగితే అదే మహిళ ఈ జాబితాలో కనిపించకపోవచ్చు. 2025 ఏప్రిల్ నుంచి నెలనెలా వెలువడుతున్న అంకెలు ఈ రెండో రకానివి. ఆ ఏప్రిల్‌లో మహిళల రేటు 34.2 శాతం, జూన్‌లో 32 శాతం. వీటిని 41.7 పక్కన పెట్టి, ఏడాది తిరగకుండానే మహిళల ఉపాధి కుప్పకూలిందని చెప్పడం సరికాదు. ఒకటి ఏడాదిని చుట్టి కొలిచిన లెక్క, మరొకటి వారాన్ని చుట్టి కొలిచినది.

పోల్చవలసింది ఒకే కొలబద్దతో తీసిన అంకెలను. సాధారణ స్థితి ప్రకారం 2023-24లో పురుషుల భాగస్వామ్యం 78.8 శాతం. గ్రామీణ మహిళలది 47.6 శాతం, పట్టణ మహిళలది 28 శాతం. 2017-18లో గ్రామీణ మహిళలది 24.6 శాతమే, పట్టణ మహిళలది 20.4 శాతం. ఆరేళ్లలో పల్లె రేటు దాదాపు రెట్టింపైతే పట్టణం రేటు ఎనిమిది పాయింట్ల లోపే పెరిగింది. కొత్త ఫ్యాక్టరీలూ కార్యాలయాలూ వెలిసేది పట్టణాల్లో, వాటి చుట్టుపక్కల. పెరుగుదలలో అధిక భాగం పొలం వైపున ఉందంటే, ఆ పని ఎలాంటిదో తరచి చూడక తప్పదు.

గడప దగ్గర తేలే లెక్క

రెండు గేదెలున్న ఒక రైతు ఇంటిని ఊహించుకుంటే విషయం స్పష్టమవుతుంది. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి పేడ ఎత్తేది, కొట్టం ఊడ్చేది, దాణా కలిపేది, పాలు పితికేది ఇల్లాలు. మధ్యాహ్నం గట్ల వెంట పచ్చిగడ్డి కోసుకొచ్చేదీ ఆమే. పాలక్యాను పట్టుకుని కేంద్రానికి వెళ్లేది భర్త. అక్కడ వెన్న శాతం చూసి, పుస్తకంలో ఆయన పేరు మీద రాస్తారు. పది పదిహేను రోజులకోసారి వచ్చే పాలబిల్లు ఆయన ఖాతాలోనే పడుతుంది.

సర్వే చేసే వ్యక్తి ఈ ఇంటికి వచ్చి “మీరు ఏం చేస్తారమ్మా?” అని అడిగితే “ఏముంది, ఇంట్లోనే ఉంటాను” అన్న జవాబే ఎక్కువగా వస్తుంది. అంతటితో రాసుకుని వెళితే ఆమె ఇంటిపని కింద నమోదవుతుంది. గడ్డి కోసుకురావడం గురించి మాత్రం చెబితే, ఇంటిపనితో పాటు మేత, వంటచెరకు వంటివి ఉచితంగా సేకరించేవారి కోడ్ 93లోకి వెళుతుంది. ఈ రెంటిలో ఏ కోడ్ పడినా ఆమె శ్రామికురాలు కాదు. మరికాస్త తరచి అడిగి, గేదెల పని ఎవరు చేస్తారు, పాలు అమ్ముతారా అని రాబడితే కోడ్ 21 పడుతుంది. ఇంటి వ్యాపారంలో జీతం లేని సహాయకులు అని దాని అర్థం. పాడి తన పేరు మీదే ఉందని చెబితే కోడ్ 11, అంటే సొంతంగా పనిచేసుకునే మనిషి. గేదెలు అవే, చేసే పని అదే, గంటలూ అవే. గడప దగ్గర ఎన్ని ప్రశ్నలు పడ్డాయన్నదాన్ని బట్టి ఆమె దేశ శ్రామిక శక్తిలో ఉండటమో ఉండకపోవడమో జరుగుతుంది.

2017-18 తర్వాత వచ్చిన పెరుగుదలలో కొంత భాగం ఇలా మెరుగ్గా అడిగినందువల్ల వచ్చినదేనని వాదించేవారున్నారు. లాక్‌డౌన్ కాలంలో పట్టణాల నుంచి కుటుంబాలు ఊళ్లకు తిరిగివచ్చి సేద్యం మీద పడటం, పురుషుల సంపాదన చాలక ఇంట్లో మరొకరు పనిలోకి దిగడం, వంటగ్యాసూ కుళాయి నీళ్లూ వచ్చి కొంత సమయం మిగలడం, సంఘాల రుణాలతో చిన్న వ్యాపారాలు పెట్టుకోవడం కూడా కారణాలుగా చెబుతున్నారు. ఇవన్నీ ఏకకాలంలో నిజం కావచ్చు. ఫలితం స్వభావం మాత్రం ఒకే తీరుగా ఉంది. శ్రామిక మహిళల్లో స్వయం ఉపాధిలో ఉన్నవారు 2017-18లో 52 శాతం కాగా 2023-24లో 67 శాతం. అందులో జీతంలేని సహాయకులే మొత్తం శ్రామిక మహిళల్లో 37 శాతం దాకా ఉన్నారు. క్రమబద్ధమైన జీతం అందుకునేవారు 21 శాతం నుంచి 16 శాతానికి తగ్గారు. వాటా తగ్గినంత మాత్రాన జీతాల ఉద్యోగాలు పోయాయని కాదు. అవి పెరిగిన వేగాన్ని పొలం పని ఎన్నో రెట్లు మించిపోయింది. పారిశ్రామికంగా ఎదిగే దేశంలో జనం పొలం నుంచి ఫ్యాక్టరీ వైపు నడుస్తారని అర్థశాస్త్రం చెబుతుంది. భారతీయ మహిళల విషయంలో ఈ ఆరేళ్ల నడక అందుకు ఎదురుగా సాగింది.

దేశం ఎదిగిన కాలంలోనే వెనక్కి ఎందుకు తగ్గారు?

2018కి ముందు జరిగింది మరింత చిక్కు ప్రశ్న. 2004-05లో పదిహేనేళ్లు దాటిన గ్రామీణ మహిళల భాగస్వామ్యం 49.4 శాతం. 2011-12కి అది 35.8కి, 2017-18కి 24.6కి దిగింది. ఆ పదమూడేళ్లూ దేశ ఆర్థిక వ్యవస్థ వేగంగా పెరిగినవే. వృద్ధి వస్తే మహిళలకు పని దానంతటదే వస్తుందన్న నమ్మకాన్ని ఈ అంకెలే కొట్టిపారేస్తాయి.

2023లో అర్థశాస్త్ర నోబెల్ పురస్కారం అందుకున్న క్లాడియా గోల్డిన్ అమెరికా చరిత్ర ఆధారంగా ఒక క్రమాన్ని చూపించారు. వ్యవసాయ సమాజంలో మహిళలు పెద్ద ఎత్తున పని చేస్తారు. పని ఇంటి నుంచి దూరంగా జరిగి, కుటుంబ ఆదాయం పెరుగుతున్నకొద్దీ వెనక్కి తగ్గుతారు. చదువు పెరిగి, వారికి తగిన కార్యాలయ ఉద్యోగాలు వచ్చాక మళ్లీ ముందుకొస్తారు. గీత గీస్తే గిన్నె ఆకారంలో దిగి లేస్తుంది. ఈ వివరణ భారతదేశానికి కొంతవరకు సరిపోతుంది. అక్షరం రాని పేద మహిళల్లో పనిచేసేవారు ఎక్కువ, డిగ్రీ పైన చదివినవారిలోనూ ఫరవాలేదు. బాగా తక్కువ ఉన్నది మధ్యలో, పదో తరగతి, ఇంటర్ దాకా చదివినవారిలో. కూలికి వెళ్లడం చదువుకు తగదని కుటుంబం భావిస్తుంది. చదువుకు తగిన ఉద్యోగం దగ్గరలో ఉండదు. ఆ అమ్మాయి గిన్నె అడుగున చిక్కుకుపోతుంది.

గిన్నె వివరణ ఒక్కటే చాలదు. పొలంలో ఏం జరిగిందో చూడాలి. తెలుగు నేల మీద వరినాట్లు, కలుపుతీత, పత్తితీత, మిరపకోత తరతరాలుగా ఆడవాళ్ల పనులు. దుక్కి, నీరు కట్టడం, మందు కొట్టడం మగవాళ్ల పనులు. ట్రాక్టరు వచ్చి మగవారి దుక్కి పనిని మార్చిందని అనుకుంటాం. అయితే ట్రాక్టరు దుక్కి లోతుగా పడటంతో కలుపు తగ్గుతుంది. మగవారి పనిలో వచ్చిన యంత్రం ఆడవారి పనిదినాలను కూడా కోసేస్తుంది. దుక్కి యాంత్రీకరణ పెరిగిన ప్రాంతాల్లో పురుషుల కంటే మహిళల పని ఎక్కువగా తగ్గిందని ఆర్థికవేత్తల పరిశీలనల్లో తేలింది. దానికి తోడు గడ్డిమందు కలుపుతీతను మింగింది, కోతయంత్రం కోతల ముఠాలను ఇంటికి పంపింది, విత్తనం వెదజల్లే పద్ధతి వచ్చినచోట నాట్లూ తగ్గాయి. ఈ యంత్రాల్లో దేని మీదా ఆడమనిషి కూర్చుని నడపడం ఊళ్లో సాధారణంగా కనబడదు. పని యంత్రానికి మారినప్పుడు, యంత్రం నడిపే నైపుణ్యం మగవారికి చేరింది. ఇది సేద్యానికే పరిమితమైన సంగతి కాదు.

పొలం వదిలిన మగవారిని భవన నిర్మాణం, రవాణా, పట్టణాల చిల్లర పనులు ఇముడ్చుకున్నాయి. కొత్త ఊరికి ఒంటరిగా వెళ్లి షెడ్డులో పడుకుని పనిచేసే వీలు మహిళకు లేదు. తూర్పు ఆసియా దేశాల్లో ఈ ఖాళీని దుస్తులు, బొమ్మలు, ఎలక్ట్రానిక్ విడిభాగాల ఫ్యాక్టరీలు పూరించాయి. భారతదేశం వస్తూత్పత్తిలో ఆ దశను దాదాపు దాటవేసి సేవారంగం వైపు దూకింది. ఆ సేవారంగంలో మంచి ఉద్యోగానికి ఇంజినీరింగ్ పట్టా కావాలి. పదో తరగతి చదివిన లక్షలాది మహిళలకు అక్కడ చోటు లేదు.

సమానత్వం వల్ల వృద్ధి ఎంత?

మహిళలు పురుషులతో సమానంగా పనిచేస్తే జీడీపీ ఇన్ని లక్షల కోట్లు పెరుగుతుందన్న అంచనాలు తరచూ వినబడతాయి. వాటిని జాగ్రత్తగా చదవాలి. సాధారణంగా అవి పనిచేసే చేతుల సంఖ్యను పెంచి, తలసరి ఉత్పత్తితో గుణించిన లెక్కలు. ఆ చేతులకు పని ఎవరు ఇస్తారన్నది అందులో ఉండదు. ఇంట్లో ఆగిపోయే పని విలువ కూడా ఉండదు. 2019 సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే మహిళలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తే, ఇంటిపనిలో చేయి వేసే పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. దాదాపు ఐదు గంటల ఆ శ్రమ జీడీపీలో సున్నా. ఆమె బయటికి వెళ్లి సంపాదిస్తే ఆ సంపాదన మొత్తం కొత్త వృద్ధిగా కనిపిస్తుంది. వంటకూ పిల్లల సంరక్షణకూ పెట్టుకున్న మనిషి జీతం కూడా వృద్ధిగానే కనిపిస్తుంది. నికరంగా పెరిగినది ఈ రెండింటి మొత్తం కంటే తక్కువే.

అంతమాత్రాన లాభం లేదని కాదు. అది చేతుల సంఖ్యలో కంటే ప్రతిభ సరైన చోటికి చేరడంలో ఎక్కువగా ఉంది. అమెరికాలో 1960లో వైద్యులు, న్యాయవాదుల్లో 94 శాతం తెల్లజాతి పురుషులే. 2010 నాటికి వారు 62 శాతం. ఆ యాభై ఏళ్లలో తలసరి ఉత్పత్తి పెరుగుదలలో 20 నుంచి 40 శాతం దాకా మహిళలకు, నల్లజాతీయులకు ఆ తలుపులు తెరుచుకోవడం వల్ల వచ్చిందని ఒక ప్రసిద్ధ అధ్యయనం లెక్కకట్టింది. మంచి శస్త్రవైద్యురాలు కాగలిగిన మనిషి వంటింట్లో ఉండిపోతే నష్టం ఆమెకే కాదు, ఆమె చేతిలో బాగుపడాల్సిన రోగులకు కూడా. వర్ధమాన దేశాల్లో ఈ నష్టం ఇంకా పెద్దది కావడానికే అవకాశం ఎక్కువ. కానీ పాల క్యాన్ల లెక్క మారినంత మాత్రాన అది భర్తీ కాదు. శ్రామిక భాగస్వామ్యం పెరిగి, చేసే పని అలాగే ఉంటే ప్రతిభ ఎక్కడికీ కదలలేదనే అర్థం.

బంగ్లాదేశ్: ఫ్యాక్టరీ ముందు, బడి వెంట

బంగ్లాదేశ్ కథ 1979లో 130 మందితో మొదలైంది. దేశ్ గార్మెంట్స్ అనే స్థానిక సంస్థ తన సిబ్బందిని శిక్షణ కోసం దక్షిణ కొరియాలోని దేవూ కంపెనీకి పంపింది. తిరిగొచ్చినవారిలో అనేకులు తర్వాత సొంత కార్ఖానాలు పెట్టారు. దుస్తుల ఎగుమతులపై సంపన్న దేశాలు విధించిన కోటాలు కొరియా వంటి దేశాలను కట్టడి చేశాయి. బంగ్లాదేశ్‌కు ఆ సందు దొరికింది. వస్త్రాన్ని సుంకం లేకుండా దిగుమతి చేసుకునేందుకు బాండెడ్ గిడ్డంగులు, ఎగుమతి ఆర్డరునే పూచీగా చూపి అప్పు తెచ్చుకునే ఏర్పాటు ప్రభుత్వం కల్పించింది. నేడు ఆ దేశ ఎగుమతుల్లో 80 శాతానికి పైగా దుస్తులే. ఆ రంగంలో సుమారు 40 లక్షల మంది పనిచేస్తున్నారు, సగం కంటే ఎక్కువ మంది మహిళలు.

వీటిలో ఏదీ మహిళా విధానం పేరుతో వచ్చినది కాదు. ఇవి వాణిజ్య నిర్ణయాలు. మహిళల కోసం ప్రత్యేకంగా తెచ్చిన పథకం 1994లో వచ్చింది: హైస్కూలు బాలికలకు ఉపకార వేతనం. బడికి 75 శాతం హాజరు, పరీక్షల్లో 45 శాతం మార్కులు, పద్దెనిమిదేళ్లు నిండేదాకా పెళ్లి చేయకపోవడం దాని షరతులు. ఈ రెండూ ఒకదానికొకటి తోడయ్యాయి. కార్ఖానాలకు దగ్గరి ఊళ్లలో ఆడపిల్లలు ఎక్కువ కాలం చదివారని, పెళ్లి ఆలస్యమైందని పరిశోధకులు గమనించారు. కారణం మామూలుది. ఆర్డరు చీటీ చదవగలిగి, ముక్కలు లెక్కపెట్టగలిగిన అమ్మాయికి కార్ఖానాలో మెరుగైన కూలి దొరుకుతుంది. ఆడపిల్ల చదువుకు ప్రతిఫలం తల్లిదండ్రుల కళ్లెదుట నెలనెలా వచ్చింది. చదివితే ఏమొస్తుందన్న ప్రశ్నకు ఏ ప్రచారమూ అంతకంటే బలమైన జవాబు ఇవ్వలేదు.

ఈ కథకు చీకటి కోణం ఉంది. 2013 ఏప్రిల్ 24న ఢాకా సమీపంలోని సావర్‌లో రానా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. ముందురోజే గోడల్లో పగుళ్లు కనిపించినా కార్మికులను లోపలికి పంపారు. కాదనగల శక్తి లేని మనిషికి దొరికిన ఉద్యోగం సమానత్వానికి సగం దారి కూడా కాదు. మరో మార్పు నెమ్మదిగా జరుగుతోంది. ఒకప్పుడు ఈ రంగంలో మహిళలు 80 శాతం దాకా ఉండేవారు. ఇప్పుడు ఆ వాటా బాగా తగ్గింది. స్వెట్టర్ల అల్లికకు కంప్యూటర్ యంత్రాలు వచ్చినచోట వాటి శిక్షణ ఎక్కువగా పురుషులకే దక్కింది. వరి పొలంలో ట్రాక్టరు చేసినదే ఇక్కడ అల్లిక యంత్రం చేసింది.

మేలు చట్టానిది, ఖర్చు ఎవరిది?

సమానత్వ చట్టాన్ని అంచనా వేయడానికి దాని ఖర్చు ఎవరి మీద పడుతుందో చూడటం మంచి పరీక్ష. 1948 నాటి భారత ఫ్యాక్టరీల చట్టం శిశు సంరక్షణ కేంద్రం గురించి చెబుతూ, ముప్పై మందికి మించి మహిళా కార్మికులు ఉన్నచోట అది తప్పనిసరి అంది. ఉద్దేశం మంచిదే. ముప్పై మంది మహిళలను పెట్టుకున్న యజమాని ముప్పై ఒకటో మనిషి దగ్గర ఆలోచనలో పడతాడు; ఆమెను తీసుకుంటే గది, ఆయా, ఉయ్యాలలు అన్నీ పెట్టాలి. మేలు కోసం రాసిన వాక్యమే నియామకానికి గీతగా మారింది. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం ఈ తప్పును దిద్దింది. ఆడా మగా కలిపి యాభై మంది ఉద్యోగులుంటే చాలు, కేంద్రం ఉండాల్సిందే. మహిళలను తగ్గించుకుంటే ఖర్చు తగ్గే వీలు యజమానికి ఇక లేదు.

అదే చట్టం మరోచోట పాత తప్పును పెద్దది చేసింది. మొదటి ఇద్దరు పిల్లలకు జీతంతో కూడిన ప్రసూతి సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచి, ఆ జీతం భారాన్ని యజమాని మీదే ఉంచింది. పన్నెండు మంది పనిచేసే చిన్న సంస్థలో ఒకరికి ఆరు నెలల జీతం ఇస్తూ, ఆమె స్థానంలో మరొకరికి జీతం ఇవ్వడం పెద్ద మొత్తమే. ఆ భారం తప్పించుకునే సులువైన దారి కొత్తగా పెళ్లయిన అమ్మాయిని ఇంటర్వ్యూలోనే పక్కనపెట్టడం. దీన్ని పట్టుకోవడం ఏ తనిఖీకీ సాధ్యం కాదు.

పరిష్కారం వేరే దేశంలో వెతకనక్కర్లేదు. నెలకు 21,000 రూపాయల లోపు వేతనం ఉన్నవారికి వర్తించే ఉద్యోగుల రాజ్య బీమా (ఈఎస్‌ఐ) పద్ధతిలో ప్రసూతి వేతనం ఈఎస్‌ఐ నిధి నుంచే వస్తుంది. యజమాని వేతనంలో 3.25 శాతం, ఉద్యోగి 0.75 శాతం కడతారు. ఉద్యోగి ఆడైనా మగైనా యజమాని కట్టే శాతం ఒక్కటే. కాబట్టి మహిళను వద్దనుకుంటే అతడికి మిగిలేది ఏమీ లేదు. వియత్నాంలో ఆరు నెలల ప్రసూతి సెలవు వేతనాన్ని సామాజిక బీమా నిధి ఇస్తుంది. అక్కడ పదిహేనేళ్లు దాటిన మహిళల్లో మూడింట రెండు వంతులకు పైగా శ్రామిక శక్తిలో ఉండటానికి సోషలిస్టు కాలపు అలవాటు, ఫ్యాక్టరీల వెల్లువ వంటి పెద్ద కారణాలు ఉన్నాయి. అయినా సెలవు వారి నియామకానికి అడ్డు కాలేదు. ప్రసూతి ప్రయోజనాల భారం విడిగా యజమాని మీద పడకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 183వ ఒప్పందం 2000లోనే చెప్పింది. ఈఎస్‌ఐ పరిమితి దాటిన ఉద్యోగుల విషయంలో భారత చట్టం ఆ మాటకు ఇంకా దూరంగానే ఉంది.

రక్షణ పేరుతో వచ్చిన నిషేధాలది మరో రకం. రాత్రి ఏడు నుంచి ఉదయం ఆరు దాకా మహిళలను ఫ్యాక్టరీ పనిలో పెట్టకూడదన్న నిబంధన రాత్రి షిఫ్టు భత్యాన్నీ, షిఫ్టు సూపర్‌వైజర్ హోదానూ వారికి దూరం చేసింది. మద్రాసు హైకోర్టు, ఆ వెంట ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2000 దశకం తొలి ఏళ్లలో దాన్ని కొట్టివేశాయి. రాత్రిపూట ఇంటికి చేర్చే వాహనం నమ్మకంగా దొరికినప్పుడే ఆ తీర్పు జీతంగా మారుతుంది.

తెలుగు రాష్ట్రాల్లో: సంఘం ఉంది, ఉద్యోగం ఏది?

మహిళల సంఘటిత శక్తి విషయంలో తెలుగు ప్రాంతం దేశానికి దారి చూపింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం, దాని వెంట సాగిన పొదుపు ఉద్యమం డ్వాక్రా సంఘాలను ఇంటింటి మాటగా చేశాయి. గుమ్మం దాటి బ్యాంకు మేనేజరు ఎదుట కూర్చుని మాట్లాడే ధైర్యం సంఘం ఇచ్చింది. అది చిన్న విషయం కాదు.

అయితే రుణం వేరు, ఉపాధి వేరు. హైదరాబాద్‌లో 2005 ప్రాంతంలో మొదలైన ఒక ప్రయోగంలో 104 పేద బస్తీలను ఎంచుకుని, వాటిలో సగం చోట్ల మహిళలకు గుంపు పూచీతో చిన్న రుణాలు అందుబాటులోకి తెచ్చారు. అప్పటికే వ్యాపారం ఉన్నవారు దాన్ని కొంత పెంచుకున్నారు, ఇళ్లలో మన్నికైన సామాను కొనడం పెరిగింది. సగటు వ్యయం పెరగలేదు, ఇంటి నిర్ణయాల్లో మహిళల మాటకు బరువు పెరిగిన దాఖలా దొరకలేదు. ఈ ఫలితాన్ని ఆశ్చర్యంగా చూడనక్కర్లేదు. బస్తీలో ఇప్పటికే నాలుగు కుట్టుమిషన్లు ఉంటే, ఐదో మిషనుకు అప్పు దొరికినంత మాత్రాన జాకెట్లు కుట్టించుకునేవారు పెరగరు. అప్పు సరఫరాను పెంచుతుంది. గిరాకీ బయటి నుంచి రావాలి.

బయటి గిరాకీ వచ్చినచోట తేడా కనబడుతోంది. అచ్యుతాపురంలోని బ్రాండిక్స్ దుస్తుల నగరంలో, శ్రీసిటీ ఫోన్ల తయారీ యూనిట్లలో వేలమంది మహిళలు చుట్టుపక్కల పల్లెల నుంచి పనికి వెళుతున్నారు. పొరుగున తమిళనాడు చాలా ముందుంది. దేశంలో ఫ్యాక్టరీల్లో పనిచేసే మహిళల్లో పదింట నాలుగు వంతులకు పైగా ఆ ఒక్క రాష్ట్రంలోనే ఉన్నారు. పల్లెపల్లెకూ తిరిగే బస్సులు, ఉద్యోగినుల వసతి గృహాలు, దశాబ్దాల నూలు, దుస్తుల పరిశ్రమ అందుకు తోడ్పడ్డాయి.

ఉచిత బస్సు పథకాన్ని ఈ కోణంలో చూడాలి. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి మొదలయ్యాయి. పట్టణంలో బట్టల దుకాణంలో 10,000 రూపాయల జీతానికి చేరగల మహిళకు రానూపోనూ ఛార్జీ 60 రూపాయలు అనుకుందాం. నెలకు 26 రోజులకు అది 1,560 రూపాయలు. అంటే జీతంలో ఆరో వంతుకు దగ్గర. పైగా ఈ ఖర్చు ఉద్యోగం దొరకకముందే మొదలవుతుంది. నాలుగు దుకాణాలు తిరిగి అడగడానికే ఛార్జీ కావాలి, అందుకు ఇంట్లో చేయి చాపాలి. టికెట్టు ఖర్చు లేకపోతే ఆమె వెతకగల పరిధి మండల కేంద్రం నుంచి జిల్లా కేంద్రానికి పెరుగుతుంది. ఇది నిజమైన లాభం. అయితే బస్సు దిగే చోట ఉద్యోగాలు ఉంటేనే దాని ఫలం ఉపాధి అంకెల్లో కనబడుతుంది. బస్సులు, సిబ్బంది పెరగకుండా రద్దీ మాత్రం పెరిగితే, తొమ్మిదింటికి దుకాణం తెరవాల్సిన మనిషికి నిండిపోయి ఆగకుండా వెళ్లిన బస్సు ఎందుకూ పనికిరాదు.

బిల్లు ఎవరి పేరున?

2005 నాటి ఉపాధి హామీ చట్టం పనిదినాల్లో కనీసం మూడో వంతు మహిళలకు ఇవ్వాలంది. ఆచరణలో వారి వాటా సగం దాటింది. ఆడవారికీ మగవారికీ ఒకే కూలి రేటు, పని ఊరి దగ్గరే దొరకడం, మేస్త్రీతో బేరమాడే అవసరం లేకపోవడం అందుకు కారణాలు. ఈ పథకం మీద మధ్యప్రదేశ్‌లో జరిగిన ఒక ప్రయోగం ముఖ్యమైన సంగతి తేల్చింది. అప్పట్లో కూలి డబ్బు సాధారణంగా ఇంటి యజమాని ఖాతాలో పడేది. కొన్ని ఊళ్లలో మహిళలకు సొంత ఖాతా తెరిపించి, దాన్ని వాడటం నేర్పి, కూలి నేరుగా అందులోకే పంపారు. ఆ మహిళలు ఉపాధి పనికే కాదు, బయటి ప్రైవేటు పనులకు కూడా ఎక్కువగా వెళ్లారు. అంతకుముందు ఇంట్లో కట్టడి ఎక్కువగా ఉన్నవారిలోనే ఈ మార్పు బలంగా కనిపించింది. కూలి రేటు మారలేదు, పని మారలేదు. డబ్బు చేరే చోటు మారింది.

పైన చెప్పిన గేదెల ఇంటికి ఇది నేరుగా వర్తిస్తుంది. ఒకప్పటి కరీంనగర్ జిల్లా ముల్కనూరులో పాతికేళ్ల కిందట మహిళలే సభ్యులుగా ఒక పాల సహకార సంఘం ఏర్పడి సొంత డెయిరీ నడుపుతోంది. తిరుపతి కేంద్రంగా 2014లో మొదలైన శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల కంపెనీలోనూ వాటాదారులంతా మహిళలే. ఇలాంటి సంఘాల్లో పాలపుస్తకం ఇల్లాలి పేరున ఉంటుంది, బిల్లు ఆమె ఖాతాలో పడుతుంది, ఏడాది చివర బోనసు ఎంతన్నది సభ్యురాలిగా ఆమె అడిగి తెలుసుకుంటుంది. తెల్లవారుజామున కొట్టంలో చేసే పని అంతకుముందు చేసిందే. సర్వే మనిషి వచ్చి “ఏం చేస్తారమ్మా?” అని అడిగితే మాత్రం “పాలు పోస్తాను” అన్న జవాబు వస్తుంది. అతడి కాగితం మీద 21 ఉండాల్సిన చోట 11 పడుతుంది.